ఒంగోలు ఆవుకు సూది ఏ వేళకు వేయించాలి: పద్ధతుల పోలిక, ఎంపిక

ఉదయం ఎదలో, అంటే చూడి కట్టడానికి సిద్ధమైన స్థితిలో, కనబడిన ఆవుకు ఆ సాయంత్రం, సాయంత్రం కనబడిన ఆవుకు మరునాటి ఉదయం సూది వేయించాలన్న లెక్క ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో గొడ్లసావిడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసినదే. సూది అన్నది వాడుక మాటే గానీ కృత్రిమ గర్భధారణలో సూది ఏమీ ఉండదు; గర్భకోశ ముఖద్వారాన్ని దాటించి లోపల వీర్యాన్ని వదిలే సన్నని ఉక్కు గొట్టం మాత్రమే ఉంటుంది. వాడుకను అనుసరించి ఇక్కడ దాన్ని సూది అనే అంటాను, మందు ఎక్కించేదాన్ని మాత్రం ఇంజక్షన్ అంటాను. ఈ రెండూ కలగాపులగమైతే ఈ విషయంలో ఏదీ అర్థం కాదు.

ఆ ఉదయం–సాయంత్రం లెక్క తప్పు కాదు. అయితే అది 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ అనే పరిశోధకుడు పాడి ఆవుల మీద చేసిన పరిశీలనల నుంచి వచ్చింది. మూపురం లేని ఆ జాతుల్లో ఎద పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు నిలుస్తుంది, మందలో విడిగా తిరిగే ఆవు మరో ఆవును తనపై ఎక్కనిచ్చే క్షణం కాపరి కళ్ళబడుతుంది. మన ఒంగోలు ఆవు ఎద సాధారణంగా పది, పన్నెండు గంటలకు మించదు, చాలాసార్లు రాత్రివేళ మొదలవుతుంది, ఆ సమయంలో ఆవు పలుపుతో గుంజకు కట్టి ఉంటుంది, ఇంటివాళ్ళు నిద్రలో ఉంటారు. అందువల్ల ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఎద మొదలైన గంట మీకు ఎంత దగ్గరగా తెలుస్తోంది? పద్ధతుల మధ్య ఎంపిక దాదాపు మొత్తం ఈ జవాబు మీదనే ఆధారపడుతుందని నా అభిప్రాయం.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్న సంగతి. మా ఇంట రెండో ఈత ఆవు ఒక శనివారం సాయంత్రం మేత మాని అరుస్తూ కనబడింది. మధ్యాహ్నం నుంచే దాని నడత మారిందని పాలేరు తర్వాత చెప్పాడు. ఆదివారం కబురు పెట్టినా ఎవరూ రాలేదు. సోమవారం ఉదయం పదిన్నరకు వచ్చిన మనిషి సూది వేసి, చూడి కడుతుందని భరోసా చెప్పి వెళ్ళాడు. మంగళవారం తెల్లవారి చూస్తే తోక కుచ్చుకు ఎండిన నెత్తురు మరక ఉంది. ఎద ముగిసిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో కొన్ని ఆవులకు కాస్త నెత్తురు కనబడడం సహజమే, అది జబ్బు కాదు. కాకపోతే అది కనబడిందంటే అండం విడుదలై చాలాసేపు అయిపోయిందని అర్థం. ఎద శనివారం మధ్యాహ్నం పన్నెండుకు మొదలైందనుకుంటే అండం ఆదివారం మధ్యాహ్నం రెండుకూ సాయంత్రం ఆరుకూ మధ్య విడుదలై ఉంటుంది. సోమవారం పదిన్నరకు లోపల ఫలదీకరణకు పనికివచ్చే అండం లేదు. ఇరవై ఒకటో రోజున ఆవు మళ్ళీ ఎదకు వచ్చింది. ఆలస్యమైన సూది వేయించుకోవడం కన్నా ఆ ఎదను వదులుకుని తేదీ రాసిపెట్టుకోవడమే నయమన్నది అప్పటి నుంచి నేను పాటిస్తున్న నియమం.

గంటల లెక్క

అన్ని పద్ధతులకూ వెనక ఉన్న లెక్క ఒక్కటే గనుక దాన్ని ఒకసారి నిదానంగా చూడడం మంచిది. ఎద మొదలైన తర్వాత సుమారు 26 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది. మూపురపు జాతుల్లో ఇది 26కు దగ్గరగా ఉంటుంది. విడుదలైన అండం 6 నుంచి 12 గంటలే పనికివస్తుంది. ఘనీభవింపజేసి కరిగించిన వీర్యకణాలు ఆవు గర్భంలో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ బతుకుతాయి, అయితే అండనాళానికి చేరి ఫలదీకరణ శక్తి పొందడానికి వాటికి 6 నుంచి 8 గంటలు పడుతుంది. అంటే అండం వచ్చేసరికి వీర్యకణాలు అక్కడ సిద్ధంగా ఉండాలి, అప్పటికే ముసలివి అయిపోకూడదు. ఈ రెంటినీ కలిపి చూస్తే ఎద మొదలైన 12వ గంట నుంచి 18వ గంట వరకు ఉన్న సమయం అన్నిటికన్నా అనువైనది, 8వ గంటకు ముందు వేసినది తొందర, 24వ గంట దాటినది ఆలస్యం.

ఇప్పుడు ఒక ఒంగోలు ఆవును తీసుకుందాం. రాత్రి పదికి ఎద మొదలైంది, ఎవరూ చూడలేదు. ఉదయం ఆరుకు పాలు పితకడానికి వెళ్ళినవాళ్ళు గుర్తించారు. ఉదయం–సాయంత్రం లెక్క ప్రకారం సాయంత్రం ఆరుకు సూది వేయిస్తే అది 20వ గంట అవుతుంది. అండం నడిరాత్రి దాటాక విడుదలవుతుంది గనుక ఆ సూది పూర్తిగా వృథా కాదు, కానీ వీర్యకణాలు అండనాళానికి చేరడానికి వ్యవధి అంతంత మాత్రమే. అదే మధ్యాహ్నం పన్నెండుకు వేయిస్తే 14వ గంట, నడిమధ్యన పడుతుంది. కాబట్టి రాత్రి తొమ్మిది తర్వాత కొష్టం వైపు వెళ్ళి చూసే అలవాటు లేని ఇంట్లో, పొద్దున్నే మొదటిసారి కనబడిన ఒంగోలు ఆవుకు సాయంత్రం దాకా ఆగకుండా పదకొండు నుంచి మూడు గంటల లోపు వేయించడం మేలు. రాత్రి తొమ్మిదికి చూసినప్పుడు ఏ లక్షణమూ లేదని ఖాయంగా తెలిసి, తెల్లవారుజామున కనబడితే మాత్రం పాత లెక్క ప్రకారం సాయంత్రమే సరైన వేళ.

సాయంత్రం కనబడినవాటికి మరునాటి ఉదయం అన్న సగం లెక్క మన ఆవులకూ బాగానే సరిపోతుంది, ఉదయం అంటే ఏడు, ఎనిమిది గంటలని అర్థం చేసుకుంటే. పదకొండుకు ఆసుపత్రికి తోలుకుపోయి, పశువును నిలబెట్టి కట్టే చట్రం, ట్రెవిస్, దగ్గర మన వంతు వచ్చేసరికి ఒంటిగంట అయితే అది ఉదయం కాదు.

తీగ చూసి వేళ చెప్పడం

కట్టి ఉన్న ఆవులో ఎక్కనిచ్చే లక్షణం కనబడదు గనుక మనకు మిగిలిన ఆధారం జిగురు తీగ. ఎద మొదట్లో అది పల్చగా, నీళ్ళలా కారుతుంది. ఎద బలంగా ఉన్నప్పుడు కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా, అద్దంలా మెరుస్తూ, మానం నుంచి మూర పొడవున తెగకుండా వేలాడుతుంది. ఆవు పడుకున్న చోట నేల మీద చిన్న మడుగులా కనబడుతుంది. రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీస్తే తెగదు. ఎద ముగింపుకు వచ్చేసరికి చిక్కబడి, కాస్త తెల్లబారి, సాగదీస్తే పుటుక్కున తెగుతుంది. తీగ సాగుతూ ఉన్న దశ దాటి చిక్కబడడం మొదలైన సమయానికి సూది పడితే బాగుంటుంది. తీగలో చీము తెలుపు లేదా దుర్వాసన కనబడితే అది వేళ ప్రశ్న కాదు, గర్భకోశంలో వాపు ఉందన్న సూచన. ఆ ఎదకు సూది మాని డాక్టరుకు చూపించాలి. తోక కింద పిర్రలకు అంటి ఎండి పెచ్చుకట్టిన తీగ ఉదయం కనబడితే రాత్రి ఎద మొదలైందని నిర్ధారించుకోవచ్చు. మా సావిడిలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మే గుర్తు ఇదే.

మిగతా లక్షణాలు అందరికీ తెలిసినవే: మాటిమాటికీ మూత్రం, పాలు తగ్గడం లేదా చేపకపోవడం, మానం ఉబ్బి లోపలి పొర ఎర్రబడడం, తోక పక్కకు పెట్టడం. పొలాన విడిచి మేపేవాళ్ళు తోక మొదట జాజు ముద్ద పూసి ఉంచితే, మరో ఆవు ఎక్కినప్పుడు అది చెరిగిపోయి సాక్ష్యం చెబుతుంది. కట్టేసిన ఆవులకు ఇది పనికిరాదు. అటువంటివాటిని తెల్లవారుజామున, మళ్ళీ రాత్రి పడుకోబోయే ముందు ఓ ఇరవై నిమిషాలు విప్పి మిగతా పశువుల మధ్య వదిలితే, మూగ ఎద అని మనం పేరు పెట్టుకున్న వాటిలో చాలావరకు మూగవి కావని తెలుస్తుంది.

పద్ధతులను ఎదురెదురుగా పెట్టి చూస్తే

మొదటిది పైన చెప్పిన ఉదయం–సాయంత్రం లెక్క, మన జాతికి తగ్గ సవరణతో. ఖర్చు అన్నిటికన్నా తక్కువ, మందులు లేవు, రోజుకు కనీసం మూడుసార్లు పశువును కళ్ళతో చూసే మనిషి ఉంటే ఫలితం మిగతా ఏ పద్ధతికీ తీసిపోదు. ఆ మనిషి లేకపోతే ఇదే అన్నిటికన్నా బలహీనమైన పద్ధతి అవుతుంది, ఎందుకంటే దీని బలమంతా మొదటి లక్షణం కనబడిన గంటలోనే ఉంది.

రెండోది రోజుకొక్కసారి పద్ధతి. నిన్న సాయంత్రం నుంచి ఈ ఉదయం వరకు ఎదలో కనబడిన పశువులన్నిటికీ మధ్యాహ్నానికి ముందు ఒకేసారి సూది వేయించడం దీని పని. పుస్తకాల్లో దీనికి పెద్దగా గౌరవం లేదు గానీ, పశువులను సరిగ్గా గమనించే మందల్లో దీని ఫలితాలు ఉదయం–సాయంత్రం లెక్క ఫలితాలకు దాదాపు సమానంగా ఉన్నాయని పరిశీలనలు చూపాయి. ఊళ్ళు తిరిగి సూది వేసే గోపాలమిత్ర గానీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడు గానీ మీ ఊరికి రోజుకు ఒక్క పూటే రాగలిగితే, రాని సాయంత్రం కోసం ఎదురుచూసి మరునాటికి ఆలస్యం చేసుకోవడం కన్నా వచ్చిన పూటనే వాడుకోవడం తెలివైన పని. తొందరపడి నాలుగు గంటలు ముందు వేసిన సూదికి కొంత అవకాశమైనా మిగులుతుంది. నాలుగు గంటలు ఆలస్యమైనదానికి అదీ మిగలదు.

మూడోది రెండు సూదుల పద్ధతి. ఒకే ఎదలో పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాతో రెండుసార్లు వేయించడాన్ని చాలామంది భద్రత అనుకుంటారు. వేళ తెలిసిన ఆవుకు దీనివల్ల ఒరిగేది స్వల్పం. ఎద మొదలైన గంట అసలే తెలియనప్పుడు, లేదా ఇరవై నాలుగు గంటల తర్వాత కూడా స్వచ్ఛమైన తీగ వేలాడుతూ ఉన్నప్పుడు రెండోది సమంజసం. ప్రతి ఆవుకూ రెండేసి వేయించడం మాత్రం వీర్యం, డబ్బు, పశువుకు ఒత్తిడి మూడింటినీ రెట్టింపు చేసుకోవడమే. తిరగపొర్లే ఆవుకు, అంటే మూడుసార్లు సరైన వేళకు వేయించినా నిలవనిదానికి, రెండు సూదులు మందు కాదు. దానికి గర్భకోశ పరీక్ష కావాలి.

నాలుగోది ఆబోతు. గంటల లెక్క అక్కర్లేని పద్ధతి ఇదొక్కటే, ఎందుకంటే ఎద ఉన్నంతసేపూ ఆబోతే కనిపెట్టి పలుమార్లు కలుస్తుంది. ఆవులు కొండవాలున విడిగా మేస్తూ, సూది వేసే మనిషి సమయానికి అందని ఊళ్ళలో దీన్ని తీసిపారేయడానికి లేదు. కానీ దేవుడి పేర వదిలిన ఒకే ఆబోతు ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉంటే అది తన పెయ్యలనే మళ్ళీ కడుతుంది, జాతి బలహీనపడుతుంది. ఈసుకుపోయే, అంటే గర్భం జారిపోయే, జబ్బుల్లో కొన్ని దానివల్ల ఆవు నుంచి ఆవుకు పాకుతాయి. అచ్చోసిన ఆంబోతు అన్న మాట తిట్టుగా ఎందుకు మారిందో పక్కనబెడితే, తల్లీతండ్రీ తెలిసిన, జబ్బుల పరీక్ష చేయించిన ఆబోతు దొరికినప్పుడు మాత్రమే నేను ఈ దారి సూచిస్తాను.

మందులతో ఎదను మన వేళకు తెచ్చుకోవడం

ఐదోది మందుల దారి, ఇందులో మూడు రకాలున్నాయి, మూడూ వేరువేరు పశువులకు. ఏ రకమైనా సరే, డాక్టరు గర్భకోశాన్ని పరీక్షించిన తర్వాతే.

ప్రోస్టాగ్లాండిన్ ఇంజక్షన్ అన్నిటికన్నా సులువు. అండాశయంపై కార్పస్ లూటియం అనే గ్రంథి ఉన్న ఆవులో, అంటే ఎద జరిగిన 5వ రోజు నుంచి 16, 17వ రోజు దాకా, ఇది ఆ గ్రంథిని కరిగించి రెండు నుంచి ఐదు రోజుల్లో ఆవును ఎదకు తెస్తుంది. ఆ రెండు నుంచి ఐదు రోజుల వ్యత్యాసం వల్ల ఎదను గమనించే బాధ్యత మాత్రం మన మీదనే ఉంటుంది. గమనించలేనివాళ్ళకు 11 రోజుల తేడాతో రెండు ఇంజక్షన్లు ఇచ్చి, రెండోదాని తర్వాత 72, 96 గంటలకు రెండు సూదులు వేస్తారు. ఎదే రాని ఆవుకు ఇది పనిచేయదు, కరిగించడానికి గ్రంథి లేదు గనుక. చూడి ఆవుకు ఇస్తే ఈసుకుపోతుంది. ఎప్పుడు కట్టిందో తెలియని ఆవుకు పరీక్ష లేకుండా ఈ ఇంజక్షన్ వేయించడం కన్నా పెద్ద పొరపాటు లేదు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ మందు సీసాను చేత్తో తాకకూడదన్నది కూడా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచవలసిన మాట.

రెండోది ఓవ్‌సింక్. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రూపొందిన ఈ పద్ధతిలో మొదటిరోజు అండం విడుదలను ప్రేరేపించే జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, రెండు రోజుల తర్వాత మళ్ళీ జీఎన్ఆర్‌హెచ్ ఇచ్చి, 16 నుంచి 20 గంటలకు సూది వేస్తారు. ఎద చూడవలసిన పని లేదు, గడియారం చాలు. సోమవారం మొదలుపెడితే వచ్చే సోమవారం రెండోది, బుధవారం సాయంత్రం మూడోది, గురువారం మధ్యాహ్నానికి ముందు సూది పడుతుంది. ఆదివారం బెడద ఉండదు. ఎద క్రమంగా వస్తూ, మనకు కనబడకుండా పోతున్న ఈనిన ఆవులకు ఇది తగినది. పెయ్యలకూ, ఈనిన తర్వాత అసలు ఎదకు రాని బక్క ఆవులకూ దీని ఫలితం తక్కువ.

ఆ చివరి రకం ఆవులకు ఉన్నది మూడో దారి: యోనిలో ఏడు నుంచి తొమ్మిది రోజులు ఉంచే, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను వదిలే పరికరం, దానితోపాటు ఇచ్చే ఇతర మందులు. ఈ పద్ధతికి పెద్ద ప్రయోగశాల బ్రెజిల్ అయింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ తీరం నుంచి ఓడల్లో వెళ్ళిన మన ఒంగోలు పశువులు అక్కడ నెలోరి అన్న పేరుతో మాంసపు మందలుగా పెరిగాయి. ఆ పేరులో ఉన్నది మన నెల్లూరే. వేల పశువులున్న ఆ మందల్లో రాత్రివేళ వచ్చి తెల్లారేసరికి పోయే ఎదను గుర్తించడం కాపరుల వల్ల కాలేదు. అందుకే అక్కడ జరిగే కృత్రిమ గర్భధారణల్లో అత్యధిక భాగం ఇప్పుడు ఎద చూడకుండా, నిర్ణీత వేళకే జరుగుతున్నాయి. ఒక్కో సూదికి దాదాపు సగం ఆవులు చూడి కడుతున్నాయి. మనల్ని వేధించే సమస్యే అదే జాతిలో అక్కడా ఉండడం గమనించదగినది. అయితే ఆ ఫలితం మేత నిండుగా ఉన్న ఆవుల్లోనే వస్తుంది. ప్రక్కటెముకలు లెక్కపెట్టగలిగేటట్టు ఉన్న ఆవుకు పరికరం పెట్టించే డబ్బుతో ముందు రెండు నెలలు దాణా, ఖనిజ లవణ మిశ్రమం పెట్టడం మంచిది. ఒంగోలు ఆవు దూడ మూతి పెట్టనిదే చేపదు, రోజంతా దూడ వెంట ఉంటే ఎద ఆలస్యమవుతుంది. దూడను రెండు పూటలకే పరిమితం చేస్తే చాలా ఆవులు ఏ మందూ లేకుండానే ఎదకు వస్తాయి.

పెయ్యదూడల వీర్యం గురించి ఒక మాట

పెయ్యదూడే పుట్టే అవకాశం దాదాపు 90 శాతం ఉన్న లింగ నిర్ధారిత వీర్యం ఇప్పుడు పల్లెల దాకా వచ్చింది. మామూలు వీర్య మోతాదులో సుమారు 2 కోట్ల వీర్యకణాలు ఉంటే దీనిలో దాదాపు 20 లక్షలే ఉంటాయి, వేరుచేసే క్రమంలో నలిగి అవి తక్కువ సేపు బతుకుతాయి. కాబట్టి దీన్ని అండం విడుదలకు దగ్గరగా, ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య వేయించాలి. ఎద గంట ఖాయంగా తెలియని ఆవుకు దీన్ని వాడడం దండగ. పాడి కోసం పెంచేవాళ్ళకు ఇది మంచిదే. కానీ బండలాగుడు పందేలకు గిత్తల జత తయారు చేయాలని ఒంగోలు ఆవును సాకే ఇళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళు స్ట్రా, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టం, అడిగేటప్పుడు ఇది మామూలు వీర్యమా, పెయ్యదూడలదా అని ముందే అడిగి తెలుసుకోవాలి. పది నెలలు ఆగిన తర్వాత తెలిసి ప్రయోజనం లేదు.

ఎవరికి ఏది

కొష్టంలో ఒకటి, రెండు ఆవులు కట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్ళు పగలంతా వాటి దగ్గరే ఉండే ఇంటికి మందుల అవసరం లేదు. సవరించిన ఉదయం–సాయంత్రం లెక్క చాలు, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి టార్చి వేసి చూసే అలవాటు చేసుకుంటే. పొలం పనికో, ఒంగోలులో ఉద్యోగానికో ఇంటిల్లిపాదీ పొద్దున్నే వెళ్ళిపోయే ఇంటికి నేను రోజుకొక్కసారి పద్ధతే చెబుతాను, అది కూడా కుదరని ఆవుకు ఓవ్‌సింక్. పదీ పదిహేను ఆవులున్న మందలో, అన్నిటినీ ఒకే కాలంలో ఈనేటట్టు చూడాలనుకుంటే, క్రమంగా ఎదకు వచ్చేవాటికి రెండు ప్రోస్టాగ్లాండిన్ ఇంజక్షన్లు, రానివాటికి ప్రొజెస్టిరాన్ పరికరం అని పరీక్ష మీద విడదీసుకోవాలి. మందంతటికీ ఒకే మందు వేయించడం చవకగా కనబడి ఖరీదవుతుంది.

గేదెలున్నవాళ్ళు ఈ గంటలను యథాతథంగా వాడకూడదు. గేదెలో ఎద లక్షణాలు ఇంకా మసకగా ఉంటాయి, వేసవిలో దాదాపు కనబడవు, తీగ వేలాడడం తక్కువ. అరుపు, మాటిమాటికీ మూత్రం, పాలు ఎగబట్టడమే ప్రధాన గుర్తులు.

ఏ కాలంలో అన్నది కూడా వేళ ప్రశ్నే. ఒంగోలు ఆవు చూడి కాలం సుమారు 285 రోజులు. జనవరి మొదటి వారంలో చూడి కడితే అక్టోబరు నడిమికి ఈనుతుంది. మన రెండు జిల్లాలకూ ప్రధానమైన ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే మొదలవుతాయి, పచ్చిమేత చేతికొస్తుంది, పాలిచ్చే ఆవు బక్కచిక్కదు. ఈనిన 60 రోజుల లోపు సూది వద్దు, గర్భకోశం కుదురుకోవాలి. 60 నుంచి 80 రోజుల మధ్య వచ్చే ఎదలో నిలిస్తే ఏడాదికొక ఈత లెక్క సరిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఎద ఇంకా పొట్టిదవుతుంది, నిలిచిన పిండమూ మొదటి రోజుల్లోనే పోయే ప్రమాదం ఉంది. అప్పుడు తప్పనిసరైతే తెల్లవారి లేదా పొద్దువాటారాక వేయించి, ఆవును నీడన కట్టి, చల్లని నీళ్ళు పెట్టాలి. ఎండలో రెండు కిలోమీటర్లు నడిపించి వేయించిన సూది మీద ఆశ పెట్టుకోకూడదు. తొలిసారి వేయించే పెయ్యకు వయసు కన్నా బరువు ముఖ్యం. పెద్ద ఒంగోలు ఆవు 430 నుంచి 450 కిలోలు తూగుతుంది గనుక పెయ్య 270, 280 కిలోలకు చేరాక మొదలుపెట్టవచ్చు.

వేళ ఎంత సరిగ్గా కుదిరినా చెడిపోయే చోటు మరొకటి ఉంది, అది స్ట్రా కరిగించే గిన్నె. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని నుంచి తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచాలి. మే నెలలో పైపులోంచి వచ్చే నీళ్ళు చెయ్యి కాలేంత ఉంటాయి, డిసెంబరు ఉదయం జిల్లుమంటాయి. అందుకే వచ్చిన మనిషి దగ్గర థర్మామీటరు, ఫ్లాస్కు ఉన్నాయా అని నేను చూస్తాను. అరచేతుల మధ్య రుద్దో, చొక్కా జేబులో పెట్టో కరిగిస్తే ఆ గంటల లెక్కంతా నీళ్ళపాలే. స్ట్రా మీద ఆబోతు నంబరు, జాతి, తేదీ అచ్చువేసి ఉంటాయి. ఖాళీ స్ట్రాను పారేయనివ్వకుండా దాచుకుంటే దూడ తండ్రి ఎవరన్నది తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

సూది వేయించిన 18వ రోజు నుంచి 24వ రోజు దాకా మొదటి ఎదను చూసినంత శ్రద్ధగానే మళ్ళీ చూడాలి. ఆ రోజుల్లో ఎద వచ్చినట్టు కనబడినా, చూడి ఆవుల్లో కొన్ని ఎద లక్షణాలు చూపుతాయి గనుక, తీగ స్వచ్ఛంగా ఉందో లేదో గమనించి, అనుమానముంటే పరీక్ష చేయించాకే గొట్టం లోపలికి పోనివ్వాలి; చూడి మీద పోనిస్తే ఉన్నదీ పోతుంది. ఏ ఎదా కనబడకపోతే రెండు నెలలు దాటాక డాక్టరు చేత చూడి పరీక్ష చేయించాలి. మా సావిడి గోడ మీద ఒక్కో ఆవుకు ఒక్కో వరుస బొగ్గుతో గీసి ఉంటుంది: ఎద కనబడిన తేదీ, గంట, తీగ ఎట్లా ఉంది, సూది ఎన్నింటికి పడింది. సున్నం వేసేటప్పుడు ఆ గోడ ఒక్కటి వదిలేయమని ఇంట్లో చెప్పి ఉంచాను.